వైరుకు అవతలి కొస

పొద్దున్నే లేచి మొహం కడుక్కోగానే చిన్నోడు చేసే మొదటి పని, కిటికీలో పెట్టుకున్న పాత ఆటమిషను చేతిలోకి తీసుకోవడం. అరచేతిలో ఇమిడే బూడిదరంగు మిషను అది. మీట నొక్కితే చిన్న తెర వెలుగుతుంది. అందులో టోపీ పెట్టుకుని, భుజానికి సంచి తగిలించుకున్న ఓ కుర్రాడు కనిపిస్తాడు. అడవుల్లో, గుహల్లో, ఏటిగట్ల మీద తిరుగుతూ వింత జీవులను పట్టుకోవడం, వాటిని పెంచి పెద్దచేసి పోటీలకు తీసుకెళ్ళడం ఆ కుర్రాడి బతుకు. ముందురోజు ఆట ఎక్కడ ఆగినా సరే, తెల్లవారగానే చిన్నోడు ఆ కుర్రాణ్ణి మొదట ఇంటికి నడిపించేవాడు. అక్కడ కుర్రాడి తల్లి బల్ల పక్కన నిలబడి ఉంటుంది. ఎదురుగా వెళ్ళి మీట నొక్కితే, "కాసేపు కూర్చో నాయనా, నీ జీవులు కూడా అలసిపోయాయి" అని తెర మీద అక్షరాలు పడతాయి. ఏళ్ళ తరబడి అదే మాట. అది చదువుకుని, మిషను ఆపి, చిన్నోడు పనికి బయలుదేరేవాడు.

"మిషనులో అమ్మ చెబితే బుద్ధిగా వింటాడు. ఇక్కడ అసలు అమ్మ గొంతు చించుకున్నా చెవిన పడదు," అనేది వంటగదిలోంచి వాళ్ళమ్మ.

"నువ్వు నిమిషానికో మాట అంటావమ్మా. ఆవిడది ఒకటే మాట. అందుకే గుర్తుంటుంది."

"అయితే రేపట్నుంచి నేనూ ఒకటే అంటా. పాలు పొంగుతున్నాయి, వచ్చి స్టవ్ ఆపరా అని."

నవ్వుకుంటూ వెళ్ళి స్టవ్ ఆపేవాడు. ఏ తల్లి అయితేనేం, తల్లి ఎదుట ఒక్క క్షణం నిలబడి రోజు మొదలుపెట్టేవాడిని దేవుడు చల్లగానే చూస్తాడు.

చిన్నోడి పని కళ్ళజోళ్ళ షాపులో. ముందుగదిలో అద్దాల బీరువాలు, ఫ్రేములు, గోడకు అక్షరాల బోర్డు. వెనకగది అతనిది. అక్కడ సానచక్రం మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, గుండ్రటి అద్దాన్ని రెండు చేతుల వేళ్ళ మధ్య పట్టుకుని ఫ్రేము ఆకారానికి అరగదీస్తాడు. చక్రం చప్పుడు మారితే అద్దం ఎక్కడ ఒత్తుకుంటోందో తెలిసిపోతుంది. పని అయ్యాక పాత బనీను గుడ్డతో తుడిచి, వెలుతురుకేసి ఎత్తి చూస్తాడు. వంక ఉండదు. ఉండదని అతనికి ముందే తెలుసు.

ఏ పని వచ్చినా అతని నోట వచ్చే మాట ఒకటే: "నేను చూసుకుంటా." తలుపు బిగుసుకుపోయినా, మిషను మొరాయించినా, పక్కషాపు షట్టరు సగంలో ఆగిపోయినా అదే మాట. అనడమే కాదు, చూసుకునేవాడు కూడా. అందుకే షాపు యజమాని అతన్ని పేరుపెట్టి పిలవడం మానేశాడు. "రండి, నేచూసుకుంటా గారూ, మీకోసమే ఎదురుచూస్తున్నాం" అనేవాడు. ఆ యజమాని కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని షాపంతా దానికోసం వెతుక్కునే రకం. చిన్నోడు ఆయన్ను ఏనాడూ వేళాకోళం చెయ్యలేదు. పక్కనుంచి వెళుతున్నట్టు వెళ్ళి, నెత్తి మీది కళ్ళజోడు మెల్లగా ముక్కు మీదికి దించేసి తన పనిలో పడేవాడు.

అందరికీ అన్నీ చేసిపెట్టేవాడు కానీ, తనకోసం ఎవర్నీ ఏదీ అడిగేవాడు కాదు. దానికి మూలం ఆ ఆటలోనే ఉంది.

తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరినీ తల్లి బట్టలు కుట్టి పెంచింది. వాళ్ళు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు మేనమామ ఇద్దరికీ చెరో ఆటమిషను కొనిచ్చాడు. చిన్నోడికి బూడిదరంగుది, పెద్దోడికి నీలంది. ఆటలో కుర్రాడికి ఏ పేరు పెట్టాలని తెర అడిగితే, చిన్నోడు క్షణం ఆలోచించకుండా 'అన్న' అని పెట్టాడు. అతని మొదటి జీవి వీపు మీద చిన్న దీపం వెలిగే తాబేలు. దాని కోసం అన్నం మానేసి కూర్చునేవాడు.

రెండు మిషన్లనూ వైరుతో కలిపితే, ఒకదానిలోని జీవిని మరోదానిలోకి పంపవచ్చు. పంపే సమయంలో సరిగ్గా అదను చూసి వైరు లాగేస్తే జీవి రెండుచోట్లా ఉండిపోతుందని బడిలో ఎవడో పెద్దోడికి చెప్పాడు. తమ్ముడి తాబేలును రెండు చేసిద్దామని పెద్దోడి ఆశ. పాపం, ప్రేమతోనే లాగాడు. తాబేలు రెండు కాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది. ఎక్కడ వెతికినా లేదు.

చిన్నోడు ఏడవలేదు. ఆట మొత్తం చెరిపేసి, మొదటి ఊరి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆ తాబేలునే ఎంచుకున్నాడు. కుర్రాడి పేరు మాత్రం, అంత కోపంలోనూ మార్చలేదు. కానీ ఆ రోజు నుంచి వైరు ముట్టుకోలేదు. ఒంటరిగానే అన్ని పోటీలూ గెలిచాడు. పెద్దోడు తన నీలం మిషనును బీరువా అడుగున పెట్టేసి, మళ్ళీ తీయలేదు.

ఒక్కటే వెలితి. ఆ తాబేలుకు చివరి రూపం ఒకటుంది. డిప్ప నిండా దీపాలు వెలుగుతాయట. అది మాత్రం పెంచితే రాదు. ఇంకొకరి మిషనులోకి వెళితేనే వస్తుంది. చిన్నోడి తాబేలు ఎంత బలం సంపాదించినా ఆ ఒంటిదీపంతోనే ఉండిపోయింది. "దానికేం, ఉన్న దీపం చాలు" అనేవాడు ఎవరైనా అడిగితే.

పెద్దోడు పెరిగి వ్యాను డ్రైవరయ్యాడు. సరుకుల కంపెనీలో పని. నీళ్ళ మీద పడవలా వ్యాను నడుపుతాడని పేరు. మలుపులో వెనకున్న కోడిగుడ్ల అట్ట కూడా కదలదని తోటివాళ్ళు చెప్పుకునేవారు. అలాంటివాడు ఓ వానరోజు సరుకు దించుతూ మెట్ల మీద జారి, కుడిచేయి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పాక ఎముక అతుక్కుంది గానీ వేళ్ళలో పట్టు రాలేదు. రబ్బరు బంతి పిసుకుతూ ఉండమని, చేతికి పని చెబుతూ ఉండమని డాక్టరు చెప్పాడు. పెద్దోడు బంతిని మంచం కింద దొర్లించేసి కిటికీ దగ్గర కూర్చున్నాడు.

వ్యాను యజమాని మంచివాడే. స్వయంగా పళ్ళు పట్టుకుని ఇంటికి వచ్చాడు. "తొందరేం లేదయ్యా. కానీ ఈ నెలాఖరు దాకే ఆపగలను. ఆ తరవాత వేరే మనిషిని పెట్టుకోక తప్పదు. స్టీరింగ్ పట్టుకోగలిగితే చాలు, వచ్చెయ్" అన్నాడు. పెద్దోడు తలూపాడు. ఆయన వెళ్ళాక చేతిని దుప్పటి కింద దాచుకున్నాడు.

"అమ్మా, నువ్వు బెంగపెట్టుకోకు. నేను చూసుకుంటా," అన్నాడు చిన్నోడు.

చూసుకున్నాడు కూడా. అన్నకు పళ్ళు తోముకునే బ్రష్షు మీద పేస్టు వేసేవాడు. చొక్కా బొత్తాలు పెట్టేవాడు. అన్నం కలిపి పెట్టేవాడు. తలదువ్వేవాడు. బూట్ల లేసులు కట్టి, "ఇక నడు అన్నయ్యా, వీధి చివరిదాకా" అనేవాడు. ఇరుగుపొరుగు కూడా తక్కువేం తినలేదు. ఒకావిడ పులుసు తెచ్చేది, ఇంకొకాయన పేపరు చదివి వినిపించేవాడు. వీధి వీధంతా పెద్దోణ్ణి అరచేతుల్లో పెట్టుకుంది. పెద్దోడు మాత్రం రోజురోజుకూ మాట తగ్గించేశాడు. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి.

ఓ మధ్యాహ్నం షాపుకు ఓ ముసలావిడ వచ్చింది. కళ్ళజోడు కాడ ఊడిపోయింది. చిన్నోడు ఆవిణ్ణి కూర్చోబెట్టి, "అయిదు నిమిషాలు మామ్మగారూ, నేను చూసుకుంటా" అన్నాడు.

"నువ్వు చూసుకుంటే మరి నేనేం చెయ్యను? జోడు లేకపోతే గోడ కూడా కనపడదు నాకు."

"కూర్చోండి, విశ్రాంతి తీసుకోండి."

"డెబ్భై ఏళ్ళొచ్చాక విశ్రాంతికేం కొదవ నాయనా, అదే బోలెడుంది. ఏదైనా పని చెప్పు." ఆవిడ చెయ్యి చాపింది. "ఆ మేకులు ఇలా పొయ్యి. అరచేతిలో పట్టుకుంటా. కింద పడితే నువ్వు వెతుక్కోవాలి కదా."

చిన్నోడు నవ్వి, ఆవగింజంత స్క్రూలు నాలుగు ఆవిడ అరచేతిలో పోశాడు. ఆవిడ ఊపిరి బిగబట్టి, కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. అతను ఒక్కొక్కటే తీసుకుని బిగించాడు. జోడు పెట్టుకుని వెళ్ళిపోతూ, షాపు గుమ్మంలో ఆగి, "ఒక్కటి కూడా పడనివ్వలేదు, చూశావా" అంది, తనే జోడు బాగుచేసినంత ధీమాగా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చిన్నోడు మామూలుగా అన్న చొక్కా మార్చబోయాడు. మొదటి బొత్తాం మీద చెయ్యి వేశాడో లేదో పెద్దోడు వెనక్కి జరిగాడు.

"వదులు."

"ఒక్క నిమిషం అన్నయ్యా, నేను చూ..."

"నువ్వు చూసుకుంటావు! అన్నీ నువ్వే చూసుకుంటావు. బొత్తాలు నువ్వు, లేసులు నువ్వు, ముద్దలు నువ్వు. రేపు ఊపిరి కూడా నా బదులు నువ్వే తీసుకుంటావేంట్రా?" పెద్దోడు చొక్కా అంచు ఎడంచేత్తో లాక్కున్నాడు. "ఈ ఇంట్లో నాతో ఎవరికైనా ఒక్క అవసరం ఉందా? ఒక్కటి చెప్పు."

తల్లి వంటగది గుమ్మంలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చిన్నోడికి చెప్పడానికి ఒక్కటి కూడా దొరకలేదు. దొరక్కుండా చేసింది తనేనని అప్పుడు తెలిసింది. మెల్లగా బొత్తాం మీంచి చెయ్యి తీసేశాడు.

మర్నాడు షాపుకు సెలవు. చిన్నోడు ఎప్పటిలాగే లేచి, మొహం కడుక్కుని, తెరలోని కుర్రాణ్ణి ఇంటికి నడిపించాడు. కాసేపు కూర్చో నాయనా అంది ఆ తల్లి. చిన్నోడు ఆ రోజు నిజంగానే కాసేపు కూర్చున్నాడు. తరవాత లేచి బీరువా అడుగున వెతికి నీలం మిషను తీశాడు. బనీను గుడ్డతో దుమ్ము తుడిచి, కొత్త బ్యాటరీలు వేశాడు. తెర వెలిగింది. ఆ పక్కనే, ఉండచుట్టి, పాత వైరు కూడా ఉంది.

కలిపి చూశాడు. పట్టలేదు. ఒకవైపు కొస వదులైపోయింది. వేలితో అదిమి పట్టుకుంటే కలుస్తోంది, వదిలితే ఊడుతోంది. రబ్బరు బ్యాండు చుట్టాడు, టేపు అంటించాడు, అగ్గిపుల్ల ముక్క దోపాడు. ఏదీ నిలవలేదు. జీవిని పంపాలంటే రెండు మిషన్ల మీదా ఒకేసారి మీటలు నొక్కాలి. రెండు చేతులూ వాటికే సరిపోతాయి. అతను నేనే చూసుకుంటా అని ఎంత అనుకున్నా, మూడో చెయ్యి మొలవదు.

కిటికీ దగ్గర పెద్దోడు ఒళ్ళో దుప్పటి కప్పుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. చిన్నోడు వెళ్ళి రెండు మిషన్లూ మధ్యలో పెట్టి నేలమీద చతికిలబడ్డాడు. నీలం మిషను చూడగానే పెద్దోడి మొహం మారింది.

"ఇది ఎందుకు తీశావురా?"

"అన్నయ్యా, ఒక సాయం కావాలి."

పెద్దోడు అతని వంక వింతగా చూశాడు. ఆ మాట ఈ తమ్ముడి నోట ఎప్పుడు విన్నాడో గుర్తు రాలేదు.

"నా తాబేలు నీ మిషనులోకి వెళ్ళిరావాలి. లేకపోతే దానికి దీపాలు రావు. వైరు నీ వైపు కొస వదులైంది, ఎవరో ఒకరు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. నా చేతులు ఖాళీ లేవు."

"అమ్మను పిలువు."

"అమ్మ మధ్యలో పాలు పొంగుతున్నాయని లేచిపోతుంది."

"వింటున్నా!" అంది తల్లి లోపల్నుంచి.

పెద్దోడి పెదవి కొస కదిలింది. అంతలోనే కుడిచేతి వంక చూసుకుని, "ఈ చెయ్యి నిలవదురా. జారితే మళ్ళీ పోతుంది. ఒకసారి పోగొట్టింది చాలు" అన్నాడు.

"పోతే మొదటి ఊరి నుంచి మళ్ళీ మొదలుపెడతా. నాకు దారి తెలుసు." చిన్నోడు ఎప్పటి ధీమాతోనే అని, వైరు కొస చాపాడు. "పోదు గానీ. గుడ్లట్ట కదలకుండా వ్యాను నడిపిన చెయ్యి అది."

పెద్దోడు దుప్పటి తొలగించి కుడిచేయి బయటికి తీశాడు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి దగ్గరవడానికి పెనుగులాడాయి. కొస మీద ఆనాయి. జారాయి. మళ్ళీ ఆనాయి. ఈసారి నిలిచాయి. రెండు తెరల మీదా కలిసినట్టు గుర్తు వెలిగింది. చిన్నోడు రెండు మీటల మీదా వేళ్ళు పెట్టుకుని, తల ఎత్తి అన్న మొహంలోకి చూశాడు.

"గట్టిగా పట్టుకో అన్నయ్యా. నేను చెప్పేదాకా వదలకు."