పన్నెండు రోజుల రాజు

పోయిన నెల మమ్మల్ని బహ్రెయిన్‌లో మేముండే సిత్రా లేబర్ క్యాంపు నుంచి మనామాలో ఒక హాలుకు పంపారు. అక్కడ పాత నాణేల ప్రదర్శన పెడుతున్నారు, అద్దాల పెట్టెలు మోసి నిలబెట్టడం మా పని. అద్దం పనంటే నాకు చిరాకు. పగిలితే మన మెడకే చుట్టుకుంటుంది, పగలకపోతే పట్టించుకునేవాడుండడు. యాభై దాటాక నడుం కూడా నా మాట వినడం మానేసింది. రెండో పెట్టె దించి అక్కడే నేల మీద కూలబడ్డాను.

పక్క పెట్టెలో అప్పటికే నాణేలు సర్దేశారు. నా కళ్ళెదురుగా బొటనవేలి గోరంత వెండి నాణెం, దాని మీద ఒక పసివాడి ముఖం. బుగ్గలు ఇంకా నిండుగానే ఉన్నాయి. తల చుట్టూ సూర్యకిరణాలు చెక్కారు.

మాతో వచ్చిన ఎలక్ట్రీషియన్ హైదరాబాదు భాయ్, ఇంగ్లీషు చదవగలడు. కింద అట్ట మీద ఉన్నది చదివి చెప్పాడు. రెండు వేల ఏళ్ళకు ముందు సిరియాను ఏలిన గ్రీకు వంశపు రాజట. ఒక సేనాపతి తన అవసరానికి వాణ్ణి పసితనంలోనే సింహాసనం మీద కూర్చోబెట్టాడట. రెండు మూడేళ్ళు వాడి పేరున నాణేలు వేయించి, అవసరం తీరాక దించేశాడట. ఆ తరువాత, పిల్లాడి ఒంట్లో రాయి ఉంది, వైద్యం చేయిస్తున్నానని జనానికి చెప్పి, వైద్యుల కత్తితోనే చంపించాడట.

"గట్ల చేసినోడు మనిషేనా?" అన్నాను.

"తర్వాత వాడే రాజయిండు భాయ్" అని ఎలక్ట్రీషియన్ తన వైర్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

నాకు లేవబుద్ధి కాలేదు. తిట్టిన నోరు నాదే, కానీ నేనూ ఒకణ్ణి గద్దె ఎక్కించినవాణ్ణే.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పుడు నేను నలభై మందికి ఫోర్మన్‌ని. డ్యూటీ దిగాక బస్సు ముందు నువైద్రాత్ క్యాంపు వాళ్ళను దింపి, ఆ తరువాతే మా కోసం వచ్చేది. అంతసేపూ గోడ నీడ కోసం ఒకరినొకరు తోసుకుంటూ నిలబడేవాళ్ళం. ఇంకో బస్సు కావాలని అర్జీ పెడదామన్నది నేనే. మా గదిలో జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడున్నాడు, ఇరవై నిండాయో లేదో. ఇంటర్ చదివాడు. నేను చెప్పిందంతా ఇంగ్లీషులో చక్కగా రాశాడు.

మా వైపు పెద్దమనిషి సంతకం పెట్టాకే మిగతావాళ్ళు పెడతారు. ఊళ్ళో పంచాయతీ కాగితమైనా అంతే, క్యాంపులో అర్జీ అయినా అంతే. పెన్ను నా చేతికే వచ్చింది. ఆఫీసు వాళ్ళు మొదటి పేరు తప్ప చదవరని అన్నేళ్ళ సర్వీసులో నాకు తెలుసు. పెన్ను తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాను.

"రాసినోనివి నువ్వు, ముందుగాల నువ్వే పెట్టు బిడ్డా. ఇయ్యాల్టి సంది మా లీడర్‌వి నువ్వే."

"నువ్వుండంగ నేనెట్ల కాకా?" అన్నాడు, కానీ వాడి ముఖం వెలిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పన్నెండు రోజులు సాగిందా రాజ్యం. గదిలో ఉన్న ఒక్క కుర్చీ వాడిది. శుక్రవారం కోడికూరలో లెగ్ పీసు వాడిది. స్నానాల గది దగ్గర లైనులో వాణ్ణి ముందుకు పంపేవాళ్ళు. గడ్డం సరిగా రాలేదు, మా తగవులు తీర్చడానికి కూర్చునేవాడు. ఆటపట్టించేవాళ్ళం గానీ, చూడ్డానికి ముచ్చటగానే ఉండేది.

పదమూడో రోజు మేనేజర్ నన్ను పిలిచి అర్జీ ముందు పెట్టాడు. దీని వెనక ఎవరున్నారని అడిగాడు. ఆ నెలలోనే నా వీసా రెన్యూవల్.

"పైన పేరుంది కదా సార్" అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. సాయంత్రానికి వాడికి ఇంటికి టికెట్ చేసేశారు. క్యాంపు బాస్ తలుపు దగ్గర నిలబడి "ఖలాస్, సామాన్ సర్దుకో" అన్నాడు. వాడు నా వైపు చూశాడు, నేను చెప్పులు వెతుక్కున్నాను.

మరుసటి వారం రెండో బస్సు వచ్చింది. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. సిగ్గేసింది, నిజమే. ఒళ్ళు అలిసిపోయి ఉంటే సిగ్గు మాత్రం ఎంతసేపుంటుంది, నిద్ర పట్టేసింది.

ప్రదర్శన హాలు నుంచి వచ్చిన సాయంత్రమే వాడికి ఫోన్ చేశాను. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. జరిగింది చెప్పేద్దామనే చేశాను. వాడిప్పుడు ఊళ్ళో ట్రాక్టర్ నడుపుతున్నాడట, నా గొంతు వినగానే ఇంజిన్ ఆపేశాడు.

"కాకా, మంచిగున్నవా? నిన్ను మస్తు యాది చేస్త" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ అందుకున్నాడు. "నా కోసం మేనేజర్ కాళ్ళు పట్టుకున్నవట గద, మనోళ్ళు చెప్పిండ్రు. మా అమ్మ దేవునికాడ నీ పేరు చెప్పి మొక్కుతది."

ఆ కబురు క్యాంపులో పుట్టించింది నేనే, వాడు విమానం ఎక్కిన రోజున.

"పట్టుకున్న బిడ్డా" అన్నాను. "ఆడు ఇనలే."