యార్డులో నిండా పీల్చిన గాలి

ఊపిరి పీల్చుకోవడం లాంటి చిన్న పనికి కూడా ఊరి మీద తిరిగే ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. నేను పోగొట్టుకున్నాను. ఎలాగో వినండి.

అప్పట్లో నేను గుంటూరులో విలేకరిని. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, ఇక పోతున్నాననిపించి చెమటలు పట్టేవి. గుండె బాగానే ఉందని, అది ఆందోళనేనని డాక్టరు తేల్చారు. కాఫీ మానెయ్యమన్నారు, పొద్దున్నే నడవమన్నారు, దడ వస్తే నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలమన్నారు. అన్నీ చేశాను. ఆఫీసులో మాత్రం చెప్పలేదు. తెలిస్తే నన్ను ఊరి మీద తిరగనివ్వరు, వార్తలు దిద్దే డెస్కులో కూలేస్తారు. అంతకన్నా జైలు నయం.

మిర్చి ధర పడిపోయిన రోజున వార్త కోసం యార్డుకెళ్లాను. బస్తాల మధ్య దడ మొదలైంది. బుద్ధిమంతుడిలా కళ్లు మూసుకుని నిండా గాలి పీల్చాను, ఆ గాలిలోని మిర్చి ఘాటంతటితో సహా. యార్డులో ఈ జిల్లావాడెవడైనా ముక్కుకు తువ్వాలు కడతాడు కానీ ఇలాంటి పని చేస్తాడా, మీరే చెప్పండి.

ముక్కు నుంచి మెదడు దాకా నిప్పంటుకుంది. కళ్లు ఎర్రబడ్డాయి. నోట చొంగ కారుతుండగా తడిసిన బస్తాలా ఒరిగిపోయాను.

"ఒరేయ్, ఈయన పురుగుమందు తాగాడ్రా. పట్టుకోండి" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

లేదని చెబుదామంటే దగ్గు తప్ప మాట రాదు.

"ఎన్నెకరాలేశావయ్యా? కౌలా?"

తల అడ్డంగా ఊపాను.

"సొంతమేనంట పాపం" అని ఇంకొకాయన జాలిపడి, చెంబెడు ఉప్పునీళ్లు నా గొంతులో పోశాడు. పొద్దున తిన్న ఇడ్లీలన్నీ బయటికొచ్చాయి.

చెంబు కింద పెట్టేలోపే మా ఇన్‌చార్జి ఫోను.

"యార్డులో ఎవరో రైతు మందు తాగాడంట. పేరు, ఊరు పంపు."

"రైతు కాదండీ, నేనే. తాగలేదు. నాకు దడ వస్తుంటుంది, గాలి పీల్చాను."

"చావలేదుగా? అయితే వార్త కాదులే. రేపట్నుంచి డెస్కుకొచ్చెయ్యి."

ఫోను పెట్టేసి, ఉక్రోషమంతా పెద్దాయన మీద చూపించాను. "ఏమండీ, ఏమైందని అడిగే తీరికైనా లేదా? అంత తొందరగా ఉప్పునీళ్లెక్కడ దొరికాయి మీకు?"

"దొరకడమేంటయ్యా. ధర పడ్డ రోజున కలిపే ఉంచుతాం" అన్నాడాయన మామూలుగా.

ఆ డెస్కులో కూర్చుని సాక్షాత్తూ అమరేశ్వరుడి మీద ప్రమాణం చేశాను: మిర్చి ధరెంతో కనుక్కోకుండా ఈ జిల్లాలో ఇక గుండెనిండా ఊపిరి పీల్చను.