పదును నాడు ఎక్కిన బండి

పులివెందుల బడిలో గ్రీకు మాట ఒకదాని మీద ప్రసంగించమని పిలుపొచ్చింది. నేను ప్రొద్దుటూరులో బడిపంతులును. పాదిరిగారి దగ్గర గ్రీకు నేర్చుకున్నానే గాని, ఇన్నాళ్లూ దాన్ని గురించి అడిగిన నాథుడు లేడు. పొంగిపోయి 'కైరోస్' అనే మాట ఎంచుకున్నాను. తగిన సమయం, తగిన పాళ్లు, ఒంట్లో ఆయువుపట్టు, మగ్గం మీద అడ్డపోగును మోసుకుపోయే నాడె దూరే నూలు సందు, ఇవన్నీ దాని అర్థాలే.

పొద్దున్నే మొదటి బస్సెక్కితే కొద్ది అణాలతోనే జమ్మలమడుగు చేరవచ్చు. అక్కడ ఒక నేతగాడి ఇంట మగ్గం చూసి, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాను. పులివెందుల ఇంకా కొన్ని మైళ్లుందనగా, రాత్రి ఎగువన కురిసిన వానకు దారిలో వంక పారుతోంది. నీళ్లు తగ్గితేగాని బస్సు దాటదని డ్రైవరు చేతులెత్తేశాడు.

పక్క పల్లెలో ఓబులేసు అనే రైతు కొర్ర విత్తడానికి ఎద్దులకు గొర్రు కడుతున్నాడు. బండి కట్టమన్నాను. ఆయన తల గోక్కున్నాడు. భార్య గంగమ్మ మాత్రం మొహాన్నే చెప్పింది.

"ఈడ పడింది రవ్వంత వాన, అయివారా. ఎర్రనేల, తడి నిలబడదు. ఈ పూట ఇత్తకుంటే పదును పోతాది."

పులివెందులలో ఊరంతా నా కోసం కాచుకుని ఉంటుందని దబాయించాను. బడి అయివారి మాట తీసేయలేక ఓబులేసు గొర్రు విప్పి బండి కట్టాడు. ఎద్దులు వంక దాటాయి. సిగ్గులేని నోరు నాది, దారి పొడుగునా ఆయనకు కైరోస్ వివరించాను. 'అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు' అన్న సామెత కూడా నేనే ఎత్తుకున్నాను. ఆయన ఊఁ కొడుతూ వచ్చాడు.

పులివెందులలో బడికి తాళం. వాన పడింది కదా, పిల్లలూ పెద్దలూ చేలకు పోయారని కాపలాదారు చెప్పాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పదును ఆరకముందే వెనక్కి పోదామన్నాను. ఎద్దులు అలసిపోయాయి, వాటికి నీళ్లు పెట్టి కాసేపటికి కదిలాం. వడగాలి కొడుతోంది.

పల్లె చేరేసరికి పొద్దు వాలింది. గంగమ్మ చేని గట్టున ఉంది. పదును ఉందా అని అడిగాను. గుప్పెడు మట్టి తీసి నలిపింది. పొడి రాలింది.

"పాయలే అయివారా. కాళ్లు కడుక్కోండి, సంగటి పెడతా."

తిట్టినా బాగుండేది. తెలియక చేసింది కాదు, అన్నీ తెలిసే నా ప్రసంగం వాళ్ల పంటకన్నా గొప్పదనుకున్నాను. మళ్లీ వాన ఎప్పుడో ఎవరికి తెలుసు? ఆ ఇంటికి ఏడాది తిండి ఆ చేనే.

ఈ దారిన పోదలచినవారికి ఒక్క మాట. వాన వెలిసిన మరునాడు ఎవరినీ బండి అడక్కండి, వంక ఒడ్డునే కూర్చోండి. ఆనాడు నీళ్లు త్వరగానే తగ్గాయి. బస్సు దారిలో మమ్మల్ని దాటుకునే పోయింది. చెయ్యెత్తితే ఆగేది, ఓబులేసు చేనికి పోయేవాడు. నేను కైరోస్ మూడో అర్థం చెబుతున్నాను.