రొయ్యల షెడ్డులో బల్ల ఎత్తు

తొంభైల్లో డిప్లొమా పూర్తవగానే విశాఖలో ఒక ఆర్కిటెక్టు దగ్గర డ్రాయింగులు గీసే పనిలో చేరాను. పెందుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నాకు అప్పజెప్పిన మొదటి పెద్ద పని ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు వలిచే షెడ్డు. గోడలు, తలుపులు, పైకప్పు అన్నీ శ్రద్ధగా గీశాను. బల్లల ఎత్తు మాత్రం ఆఫీసులో ఉన్న పాత డ్రాయింగులోంచి దించేశాను. అది పెట్టెలు సర్దే మగవాళ్ల కోసం గీసిన బల్ల.

షెడ్డు తెరిచిన రెండు నెలలకు, పైకప్పు కారుతోందంటే చూడ్డానికి వెళ్లాను. లోపల ఆడవాళ్లు వరసగా నిలబడి రొయ్యలు వలుస్తున్నారు. చాలామంది కాళ్ల కింద ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకున్నారు. బల్ల అందడం లేదు. నేను చూస్తుండగానే, చివర నిలబడ్డ ఒకావిడ ట్రే తడినేల మీద జారింది. ఆవిడ చెయ్యి కింద పెట్టి పడిపోయింది. మణికట్టు వంకరపోయింది.

ఆటోలో ఆసుపత్రికి నేనూ వెంట వెళ్లాను. జాలరిపేట మనిషి, మా అమ్మ కంటే కొంచెం చిన్నది. అంత నొప్పిలోనూ నా వైపు చూసి, "అటు జరిగి కూకో అమ్మా, నీ బట్టలు కంపుకొట్టేస్తాయి" అంది.

నేను జరగలేదు. "పిన్నీ, ఆ బల్లలు గీసింది నేనే" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"మమ్మల్ని సూడకుండానే గీసేసినావా?"

ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. తీసెయ్యమనలేదు.

ఆ ఆదివారం టేపు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పిండికట్టు చేతిని ఒడిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునుంది. విషయం చెబితే, అక్కడి నుంచే ఇరుగుపొరుగు వాళ్లని కేకేసింది. "రండర్రా, ఈ పాప మన మోసేతులు కొలుత్తాదట." ఏడెనిమిది మంది గోడకి ఆనుకుని నిలబడ్డారు. బల్ల ఎంత ఎత్తుండాలో తేల్చడానికి నేల నుంచి మోచేతి దాకా ఒక్కొక్కరినీ కొలిచాను. చక్కిలిగిలి పుడుతోందని ఒకావిడ నవ్వుతూనే ఉంది. ఆఖర్న పిన్నిని కొలిచాను. నా భుజం దాకా కూడా లేదు.

"బల్లొక్కటే కాదమ్మా," అని పాదం ముందుకు చాపి చూపించింది. వేళ్ల మధ్య చర్మం తెల్లగా పాసిపోయి ఉంది. "పొద్దస్తమానం ఐసు నీళ్లలో నిలబడతన్నాం. ఆ నీళ్లు పోడానికి దారేటీ లేదు."

అదీ రాసుకున్నాను.

మర్నాడు ఆ కాగితం మా సారు ముందు పెట్టాను. తిడతారనుకున్నాను. రెండుసార్లు చదివి, చెప్పులు వేసుకుని, "పద" అన్నారు. షెడ్డు యజమాని ఇప్పుడు పని ఆపడం కుదరదన్నాడు. "తప్పు మాదండి. సెలవురోజు మా మనుషులే వచ్చి చేస్తారు" అన్నారు సారు. అలాగే బల్లల ఇనుప కాళ్లు కోయించి, ఎత్తు తగ్గించాం. పొడుగు మనుషుల కోసం రెండు బల్లలు అలాగే వదిలేశాం. బల్లల కిందుగా కాలవ తీయించి, నేలని అటు వాలుగా చేయించాం.

పిన్ని చెయ్యి పూర్తిగా పాతలా కాలేదు. మణికట్టు కొంచెం వంకరగానే ఉండిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. అయినా కట్టు విప్పాక పనిలోకి వచ్చింది. ఆ వారమే వెళ్లి చూశాను. పొడి నేల మీద, ట్రే లేకుండా నిలబడి, నెమ్మదిగా వలుస్తోంది.

"ఎలా ఉంది పిన్నీ?"

"బల్ల బాగుందమ్మా. మెడ లాగడం లేదు." మొహమాటంగా పైకి చూసింది. "ఆ లైటు ఈపు ఎనకాల పెట్టినారు. నా నీడ నా రొయ్య మీదే పడతంది."

వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాను. నిజమే. అదీ రాసుకోడానికి పుస్తకం తీశాను.