నాలుగు మూలలా పసుపు

పాత బేస్‌బాల్ కార్డులు, అంటే ఆటగాళ్ల బొమ్మలుండే అట్టముక్కలు, పోగుచేసేవాళ్లు ఒకచోట చేరితే మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నీకీ పిచ్చి ఎలా పట్టుకుంది?" చెప్పే కథలు కూడా ఇంచుమించు ఒకటే. చిన్నప్పుడు బబుల్‌గమ్ ప్యాకెట్లో కార్డు వచ్చేది, గమ్ నోట్లో వేసుకుని కార్డు చెప్పుల డబ్బాలో దాచుకునేవాణ్ణి, కాలేజీకి వెళ్లి తిరిగొచ్చేసరికి మా అమ్మ ఆ డబ్బా తీసుకెళ్లి చెత్తలో పారేసింది. తల పూర్తిగా నెరిసిన మగవాళ్లు కూడా ఆ డబ్బాను తలచుకుంటే ఇప్పటికీ అందులో ఏయే కార్డులుండేవో వేళ్లమీద లెక్కపెడతారు. పోయిన ఆ డబ్బాను వెతుక్కుంటూనే వీళ్లలో చాలామంది ఈ దారిన పడ్డారు. ప్రతి కథలోనూ విలన్ అమ్మే.

నా వంతు వచ్చినప్పుడు నేను చెప్పేది ఒక్కటే మాట. "నేనే ఆ అమ్మని."

అందరూ నవ్వుతారు. కార్డులు కొనీ అమ్మీ చేసే ఆ హాల్లో బొట్టు పెట్టుకుని తిరిగే ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, నేనేమన్నా జోకే అనుకుంటారు. నిజానికి నేను జోకు వేయలేదు.

మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. బేస్‌బాల్ గురించి నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. క్రికెట్టే ఏనాడూ నిలబడి చూసినదాన్ని కాదు, ఇంక ఇదొకటా! అంతా మా అమ్మాయి వల్ల వచ్చింది. దానికప్పుడు పదకొండేళ్లు. మా ఇంటావంటా లేని ఎడమచేతివాటం దానికి. కంచం ముందు కూర్చుని ఎడమచేత్తో అన్నం కలిపితే నాకు ఒళ్లు మండేది.

"కుడిచేత్తో తినవే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"వై అమ్మా? హ్యాండ్ హ్యాండే కదా?"

దానికి నేను ఇంకా గట్టిగా అరిచేదాన్ని.

మేం కూరగాయలు కొనే ఇండియన్ స్టోర్ పక్కనే కార్డుల కొట్టు ఒకటుండేది. నేను బెండకాయలు ఏరుతుంటే అది ఆ కొట్లో దూరేది. కొట్టాయన డెబ్బై దాటిన అమెరికన్. మా అమ్మాయి ఆయన్ని కూడా మనవాళ్లని పిలిచినట్టే అంకుల్ అనేది. ఆయన్ని ఆ వయసులో అంత ముద్దుగా పిలిచినవాళ్లు ఇంకెవరూ లేరట, అందుకని ఆయనకి ఇదంటే ప్రాణం. ఒక శనివారం అది పరుగెత్తుకుంటూ వచ్చి కారెక్కి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టింది.

"అమ్మా, హి ఈజ్ ఎ లెఫ్టీ! నాలాగే! బ్యాక్‌సైడ్ రాసుంది చూడు!"

దాని చేతిలో ఉన్నది మా అమ్మ కంటే పెద్ద వయసున్న కార్డు. ముందువైపు రంగులేసిన బొమ్మ, బంతి విసరబోతున్న కుర్రాడు, పెద్ద చెవులు. అంత పేరున్న ఆటగాడేమీ కాదట. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఎడమచేత్తో విసురుతాడనీ, చలికాలంలో వాళ్ల మావయ్య ఇనప సామాన్ల కొట్లో పని చేస్తాడనీ రాసుంది. ఆ రోజుల్లో ఆటతోనే ఏడాదంతా గడిచేది కాదు కాబట్టి ఆటగాళ్లు ఏదో ఒక పని చూసుకునేవాళ్లని కొట్టాయన దానికి చెప్పాడు. ఆ కార్డు కోసం అది అప్పటిదాకా దాచుకున్న తళతళలాడే కొత్త కార్డులన్నీ ఆయనకిచ్చేసి వచ్చింది. అన్నీ ఇచ్చి ఇంత పాతది తెచ్చుకుంటావా అని తిట్టబోయి, దాని మొహం చూసి ఆగిపోయాను. ఈ దేశంలో తనలాంటివాడు ఒకడు దొరికినట్టుంది ఆ మొహం.

అప్పటినుంచి ఆదివారం పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కార్డుల వెనక ఉన్నదంతా నాకు చదివి వినిపించేది. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఊఁ కొట్టేదాన్ని. మూడు చిక్కుడుకాయలు పక్కపక్కన పెట్టి, మూడు స్ట్రయిక్‌లైతే బ్యాటు పట్టినవాడు అవుటని చెప్పేది. పాత కార్డుల వాసన ఎలా ఉంటుందో, ఏది అరుదో, ఏ కార్డుకి ఏం చూడాలో, అలా చెప్పుకుంటూ పోయేది. సగం తెలుగు, సగం ఇంగ్లిషు. నేను దాని గొంతు వింటూ కూర్చునేదాన్ని. మాట మాత్రం విననేలేదు. విని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఆ ఏడాది నవరాత్రుల్లో సరస్వతీ పూజ రోజు ఆఫీసు నుంచి తొందరగా వచ్చి, పూజకి అన్నీ సర్దుతున్నాను. "పుస్తకాలు తెచ్చి పెట్టవే" అని ఎప్పటిలా కేకేశాను. ఏటా బతిమాలించుకుని ఏదో ఒకటి విసిరేసి పోయేది. ఆ రోజు మాత్రం లెక్కల పుస్తకం తెచ్చి పెట్టి, దానిమీద తన కార్డు కూడా పెట్టింది, ప్లాస్టిక్ తొడుగుతో సహా.

"ఇదీ పెట్టొచ్చా అమ్మా? గాడెస్‌కి ఓకేనా?"

నా సంతోషం ఏం చెప్పను! అడక్కుండా అది పూజలో పెట్టిన మొదటి వస్తువు. "బంగారుతల్లీ, ఎందుకు పెట్టకూడదు? వెళ్లి మొహం కడుక్కునిరా" అన్నాను. అది వెళ్లింది.

మా ఇంట్లో కొత్త పుస్తకమైనా, చీరైనా, పెళ్లి శుభలేఖైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే వాడం. మా అమ్మ పెట్టేది, నేనూ పెడతాను. లెక్కల పుస్తకానికి పెట్టాను. తరవాత కార్డు తీసుకున్నాను. ప్లాస్టిక్‌కి పసుపు పెడితే ఏం లాభం, అమ్మవారి ఆశీర్వాదం కార్డుకి కదా తగలాలి అనుకుని, తొడుగులోంచి జాగ్రత్తగా బయటికి తీశాను. పసుపు నీళ్లతో తడిపి, ఉంగరం వేలితో నాలుగు మూలలా అద్దాను. కుర్రాడి నుదుటిమీద చిన్న కుంకుమ బొట్టు కూడా పెట్టాను. ముద్దుగా ఉన్నాడు కూడా.

అది మొహం కడుక్కుని వచ్చి చూసింది.

"కార్నర్స్ అమ్మా!" అంది. "కార్నర్స్! నీకు చెప్పాను కదా, కార్నర్సే ఇంపార్టెంట్ అని!"

చెప్పిందట. చిక్కుడుకాయల దగ్గర ఒకసారి కాదు, పదిసార్లు చెప్పిందట. మూలలు పదునుగా, శుభ్రంగా ఉంటేనే కార్డుకి విలువ, కొనేవాళ్లు భూతద్దం పెట్టి ముందు చూసేది మూలలే. ప్రపంచంలో ఇంకెవరికీ తోచని చోట, సరిగ్గా కొలిచినట్టు ఆ నాలుగింటిమీదే పసుపు పెట్టాను నేను. అంతటితో ఊరుకున్నానా, కంగారులో తడిగుడ్డ తెచ్చి తుడిచాను. కాగితం ఉబ్బి, బొమ్మ పైపొర గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఆ కుర్రాడి సగం మొహం పోయింది.

అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఒళ్లోకి తీసుకునేదాన్ని. కార్డు తీసుకెళ్లి రీసైక్లింగ్ డబ్బాలో వేసి వచ్చి, "ఇట్స్ ఫైన్, మామ్" అంది. అప్పటిదాకా నేను అమ్మని.

ఆ ఆదివారం వంటింట్లోకి రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు. మిగిలిన కార్డులు స్కూల్లో ఎవరికో ఇచ్చేసింది. కోపంగా ఉండేది కాదు, అడిగితే బదులిచ్చేది, తలుపు మాత్రం దగ్గరగా వేసుకునేది. నేను కుడిచేత్తో తినమనడం మానేశాను. నేను మానేశానన్న సంగతి కూడా దానికి పట్టినట్టు లేదు.

నేను కొట్టాయన దగ్గరికి పరుగెత్తాను. జరిగింది చెప్పి, అచ్చం అలాంటిదే ఇంకొకటి కావాలన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ కార్డు సీజన్ చివర్లో తక్కువగా అచ్చేశారనీ, మంచిది దొరకడం కష్టమనీ చెప్పాడు. నాకు ఆగేంత ఓపిక ఎక్కడిది! ఇంటికొచ్చి ఆన్‌లైన్లో ఫోటో చూసి ఒకటి తెప్పించాను. మూలలు సూదుల్లా ఉన్నాయి. ఆయనకి చూపిస్తే, మామూలు కార్డొకటి పక్కన పెట్టి చూపించాడు. నాది వెంట్రుకవాసి చిన్నది. మూలలు పదునుగా కనపడాలని ఎవరో బ్లేడుతో అంచులు కోసేశారట. నా మొహం! అంత ఆశగా తెచ్చుకున్నది అదీ.

"చేత్తో పట్టుకుని చూడకుండా ఏదీ కొనకండి" అన్నాడాయన. తన భూతద్దం నాకిచ్చి, ఎలా చూడాలో నేర్పాడు.

అలా మొదలైంది నాది. శనివారాలు కార్డుల షోలకి వెళ్లేదాన్ని. శాన్ రామన్‌లో ఫ్రెండ్స్ ఇంటికి వెళ్లినా దార్లో ఏ హాల్లో ఏ షో ఉందో వెతికేదాన్ని. మొదట్లో ఆ ఒక్క కార్డు కోసమే వెతికాను. తరవాత పక్కనున్నవి కూడా చదవడం మొదలుపెట్టాను. చలికాలంలో పాలు పోసేవాడు, బడిలో పాఠం చెప్పేవాడు, శవపేటికల కొట్లో కూర్చునేవాడు. ఊరు దాటి వచ్చి, ఆటా ఉద్యోగమూ రెండూ లాక్కొస్తున్న కుర్రాళ్లు. మన కుర్రాళ్లలాగే ఉన్నారే అనిపించింది. "అమ్మాయి కోసం మొదలెట్టి నువ్వు పడ్డావేంటే ఇందులో" అని మా ఆయన ఎగతాళి చేసేవారు. నిజమే, పడ్డాను. కానీ ఏ కార్డు తిప్పి చదివినా లోపల వినపడేది దాని గొంతే. ఇది దానికి చెప్పాలి అనుకునేదాన్ని. ఇంటికొచ్చి చూస్తే తలుపు దగ్గరగా వేసి ఉండేది.

అది కాలేజీకి వెళ్లింది, ఉద్యోగమొచ్చి శాన్ డియేగోలో ఉంటోంది. మంచి పిల్ల, వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది. కిందటి వసంతంలో ఒక షోలో, ఒక ముసలావిడ బల్లమీద, పెద్ద చెవుల కుర్రాడు మళ్లీ కనపడ్డాడు. భూతద్దంతో నాలుగు మూలలూ రెండుసార్లు చూశాను. కోసింది కాదు. ఎక్కడా మచ్చ లేదు. ఆ హాల్లోనే నిలబడి ఏడ్చేశాను.

మా అమ్మాయి లాంగ్ వీకెండ్‌కి ఇంటికొచ్చింది. కాఫీ తాగుతుంటే కార్డు తెచ్చి దాని ముందు పెట్టాను. పదమూడేళ్లుగా మనసులో అనుకున్న మాటలన్నీ కలిసి ఒక్క మాటయ్యాయి.

"నీదే" అన్నాను.

తీసుకుని చూసింది. తిప్పి చూసింది. "క్యూట్‌గా ఉన్నాడు. ఎవరీయన?"

"అదేనే, నీ కార్డు. నేను పసుపు పెట్టి పాడుచేశాను కదా, సరస్వతీ పూజ రోజు."

నావంక చూసింది. నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది, అది చూశాను. "నాకు కార్డ్స్ ఉండేవా? ఐ డోంట్ రిమెంబర్, మామ్. సారీ."

ఇన్నేళ్లూ ఆ కార్డు వల్లే నాకు దూరమైందనుకున్నాను. తప్పు నాది, కాబట్టి దిద్దుకోవచ్చు అనుకున్నాను. ఆ తప్పు పట్టుకునే ఇన్ని హాళ్లు తిరిగాను. అది కారణమే కాదట. పన్నెండో ఏడు వచ్చింది, పిల్ల పెద్దదైంది, తలుపేసుకుంది, అందరి పిల్లల్లాగే. దిద్దడానికి నా చేతిలో ఏదీ లేదు, ఎప్పుడూ లేదు. నన్ను క్షమించాల్సింది ఆ పదకొండేళ్ల పిల్ల. అది ఏ షోలో, ఏ బల్లమీద దొరుకుతుంది నాకు?

మా అమ్మాయి కార్డుని రెండు చేతులా పట్టుకుని, చాలా జాగ్రత్తగా నా ముందు పెట్టింది.

"నువ్వే ఉంచుకో మామ్" అంది ప్రేమగా. "ఇవన్నీ ఇష్టం నీకే కదా."