మోకాలెత్తు మంచం

అల్ ఐన్‌కు నేను సెంట్రింగ్ పనికి వచ్చాను, ముసలివాళ్ళను చూసుకోవడానికి కాదు. ఎనభైల మొదట్లో మా కంపెనీకి కట్టాల్సిన బిల్డింగులు అయిపోయాయి. కఫీల్, అంటే మా వీసాలకు పూచీపడ్డ అరబ్బు యజమాని, మమ్మల్ని తలా ఒకచోట సర్దేశాడు. నా వంతుకు ఖర్జూర తోటల అవతల ఉన్న ఒక ఆస్పత్రి వచ్చింది. రోగం నయంచేసి ఇంటికి పంపే ఆస్పత్రి కాదది. పంపడానికి ఇల్లంటూ లేని ముసలివాళ్ళు ఉండే చోటు. ఆడవాళ్ళకొక వార్డు, మగవాళ్ళకొక వార్డు. మగవాళ్ళ వార్డులో నన్ను వార్డుబాయ్‌గా వేశారు. ముప్పై రెండేళ్ళు నిండి, ఇద్దరు పిల్లల తండ్రినయ్యాక బాయ్‌నయ్యాను.

హెడ్ సిస్టర్ కేరళ ఆవిడ. హిందీలో నన్ను రెండే ప్రశ్నలు అడిగింది: మనిషిని ఎత్తగలవా, ఇంగ్లీషు రాయగలవా అని. మూడేళ్ళుగా ఇనుప పైపులు ఎత్తుతున్నాను కాబట్టి ఎత్తగలనన్నాను. జగిత్యాలలో పదో తరగతి పాసయ్యాను కాబట్టి రాయగలనన్నాను. ఎత్తిన మనిషిని ఎలా దించాలో ఆవిడ అడగలేదు. అడిగితే నాకు తెలియదు కూడా.

రాయాల్సింది ఒక నల్ల అట్ట రిజిస్టరు. వార్డులో ఎవరు పడినా అందులో ఎక్కించాలి: ఎప్పుడు పడ్డాడు, ఎక్కడ పడ్డాడు, ఎందుకు పడ్డాడు, మనమేం చేశాం. ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు గనుక నేను జరిగింది జరిగినట్టు రాస్తూ పోయాను. అందులో ఎక్కువసార్లు కనిపించేది ఒకే ఒక్క మనిషి.

ఆయన ఒకప్పుడు ఫలజ్ తవ్వేవాడట. కొండ పక్కన నీరు పట్టుకుని భూమి కిందుగా తోటల దాకా తెచ్చే కాలువను అక్కడ ఫలజ్ అంటారు. చిన్న ఒళ్ళు, పిడికెడు గడ్డం. వార్డులో అందరూ ఆయన్ని షేబా అనేవాళ్ళు, అంటే ముసలాయన. నేను బాబా అనేవాణ్ణి. ఆయన నన్ను రఫీక్ అనేవాడు. అంటే స్నేహితుడు. అయితే ఆ దేశంలో మనలాంటి పనివాళ్ళందరినీ అలాగే పిలుస్తారని తెలుసు కాబట్టి నేనేమీ పొంగిపోలేదు. ఒక్క నెలలో ఆయన నాలుగుసార్లు పడ్డాడు. నాలుగుసార్లూ తెల్లవారుజామునే. ఎందుకు అన్న గడిలో నాలుగుసార్లూ "ముసలితనం" అని రాశాను.

నెలాఖరున ముదీర్ మీటింగు పెట్టాడు. ఆస్పత్రి మొత్తానికి పెద్ద ఆయనే. రెండు రిజిస్టర్లూ ముందు పెట్టుకుని చూశాడు. మా దాంట్లో రెండు పేజీలు నిండాయి. ఆడవాళ్ళ వార్డు రిజిస్టరు కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ముదీర్ ఆ వార్డు వాళ్ళను మెచ్చుకుని కేకు తెప్పించాడు. మా వార్డును నిలబెట్టి, వచ్చే నెల ఇలా ఉండకూడదన్నాడు. ఆ వార్డులో రిజిస్టరు మందుల ఫ్రిజ్ ఊగకుండా కాలి కింద పెట్టి ఉండేదని, మీటింగు రోజున తుడిచి తెచ్చారని నాకు తర్వాత తెలిసింది. కేకు మాత్రం బాగుంది. మాకూ ఒక ముక్క ఇచ్చారు.

మర్నాడు సిస్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు పాఠం చెప్పింది. పడ్డాడు అని ఎలా రాస్తావు, పడుతుంటే నువ్వు చూశావా అంది. చూడలేదన్నాను. మరి నువ్వు వెళ్ళేసరికి ఆయన ఎలా ఉన్నాడు అంది. నేల మీద కూర్చుని ఉన్నాడన్నాను. "అదే రాయి" అంది. ఆవిడ ముఖంలో దొంగతనం ఏమీ లేదు. పాపం, అలసట మాత్రం ఉంది. ఆ నెల నుంచి మా వార్డులో ఎవరూ పడలేదు. అందరూ కూర్చున్నారు. బాత్‌రూమ్‌లో కూర్చున్నారు, వరండాలో కూర్చున్నారు, ఒకాయన మెట్ల మీద తల కిందులుగా కూర్చున్నాడు. నెలాఖరున కేకు మాకొచ్చింది.

కూర్చునేవాళ్ళు మరీ ఎక్కువయ్యారనుకున్నాడో ఏమో, ముదీర్ మంచాలకు రెండు పక్కలా కమ్మీలు పెట్టించాడు. మూడో రోజు తెల్లవారుజామున మా బాబా కమ్మీ మీద కాలు వేసి, బావిలోంచి పైకి వచ్చేవాడిలా ఎక్కాడు. అవతల మాత్రం దిగడానికి ఏమీ దొరకలేదు. ఇదివరకు మంచం ఎత్తు నుంచి పడేవాడు, ఇప్పుడు కమ్మీ ఎత్తు నుంచి పడ్డాడు. నేను పరుగెత్తేసరికి కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటూ ఉన్నాడు. మణికట్టు విరిగింది.

నేనప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయనకు కట్టు కట్టించి వచ్చి, రిజిస్టరు తీసి, "నేల మీద కూర్చుని ఉన్నాడు, చెయ్యి నొప్పి" అని రాశాను. చెయ్యి దానంతటదే రాసింది, అంతగా అలవాటైంది. మధ్యాహ్నం డాక్టరు అది చదివి, కూర్చున్న మనిషికి మణికట్టు ఎలా విరుగుతుందని అడిగాడు. నా జవాబు కోసం ఆగకుండా సంతకం పెట్టి వెళ్ళాడు.

కుడిచెయ్యికి పిండికట్టు వేశారు. ఎడమచేత్తో అన్నం తినడానికి బాబా ఒప్పుకోడు. దాంతో రెండుపూటలా నేనే కలిపి తినిపించాను. అంతకుముందు పది నెలలు ఆయన్ని ఎత్తాను, కడిగాను, పక్కబట్టలు మార్చాను. కానీ ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూసింది అప్పుడే. తినడానికి చాలాసేపు పట్టేది. ఊరికే కూర్చోలేక ఒకరోజు, నాకొచ్చిన ముక్కల అరబ్బీలో, ఎందుకు బాబా పొద్దున్నే లేస్తావు, గంట కొడితే నేను వస్తాను కదా అన్నాను.

"నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి. దానికి నిన్ను పిలవడమేమిటి?" అన్నాడు.

"మరి పడుతున్నావు కదా?"

ఆయన నమలడం ఆపాడు. "రఫీక్, నేను చీకట్లో తాడు పట్టుకుని ఇరవై బారల లోతుకు దిగినవాణ్ణి. అక్కడ కాలు చాపితే రాయి తగిలేది. ఈ మంచం దిగితే కాలికి ఏమీ తగలదు."

నేను లేచి ఆయన కాళ్ళు చూశాను. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు జానెడు పైన ఆగుతున్నాయి. పది నెలలు రోజుకు పదిసార్లు ఆ కాళ్ళను చూశాను. ముసలితనం అని రాసింది కూడా ఆ కాళ్ళ ముందు నిలబడే.

ఆస్పత్రిలో రిపేర్లు చూసేది కడప నుంచి వచ్చిన ఒక భాయ్. కుళాయి నుంచి కరెంటు దాకా అంతా ఆయనే. బ్యాండేజీ గుడ్డతో బాబా మడమ నుంచి మోకాలి వెనక దాకా కొలిచి, ముడివేసి, ఆయన దగ్గరికి పట్టుకుపోయాను.

"భాయ్, మంచం కాళ్ళు గింతకు కొయ్యాలె," అన్నాను.

గుడ్డను, నన్ను మార్చి మార్చి చూశాడు. "ఆస్పత్రి మంచం కోస్తే మన కాళ్ళు కోస్తారప్పా," అన్నాడు.

"ముసలాయన కాళ్ళు నేలకు అందుత లేవు భాయ్. పడి పడి చెయ్యి ఇరగ్గొట్టుకుండు."

ఆయన గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం ముదీర్ ఉండడు. బాబాను కుర్చీలో కూర్చోబెట్టాం. భాయ్ రంపంతో నాలుగు కాళ్ళూ కోసి, కింద రబ్బరు ముక్కలు తొడిగాడు. కమ్మీలు ఊడదీశాం. మంచం పక్కన చెంబు, పళ్ళెం పెట్టాను. బాబా మంచం మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. మా ఇద్దరినీ చూసి, మంచి రాయి తగిలింది అన్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఆయన పడలేదు. నేనూ కూర్చున్నాడని రాయలేదు. దాంతో ముదీర్‌కు అనుమానం వచ్చింది. అబద్ధం రాసినన్నాళ్ళూ కేకు పెట్టిన మనిషి, బాబా గురించి రాయడానికి ఏమీ లేకపోయేసరికి ఏం దాస్తున్నారో చూద్దామని వార్డుకు వచ్చాడు. వరసలో ఒక మంచం మాత్రం పొట్టిగా ఉంది. ఆయన కళ్ళకు ఇంకేమీ కనిపించలేదు.

నన్ను, సిస్టర్‌ను ఆఫీసుకు పిలిచారు. ఆస్పత్రి సామాను పాడుచేసిన నేరం. తప్పు నాదని, భాయ్ నేను చెప్పింది చేశాడని ఒప్పుకుందామని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను. వీసా పోతే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి అన్నదొక్కటే లోపల తిరుగుతోంది. ఎవరు కోయమన్నారని ముదీర్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సిస్టర్ అంది.

"నేను కోయమన్నాను సార్. రోగి క్షేమం కోసం."

నిజానికి ఆవిడ కోయమనలేదు. కోసిన సంగతి తర్వాత తెలిసినా చూడనట్టు ఊరుకుంది, అంతే. నాకు అబద్ధం రాయడం నేర్పిన మనిషని లోలోపల ఆవిడ మీద చిన్నచూపు ఉండేది. ఈ అబద్ధం తన ఉద్యోగం మీదకు తెచ్చుకుని ఆడింది. ఇద్దరికీ మెమోలు ఇచ్చారు. బయటికి వచ్చాక ఏదో చెప్పబోయాను. ఆవిడ విననట్టే నడుస్తూ, "మూల మంచం ఆయనకూ కాళ్ళు అందడం లేదు, చూశావా?" అంది.

పొట్టి మంచాన్ని స్టోరుకు పంపమని ఆర్డరు వేశారు. కానీ స్టోరులో మారుమంచం లేదు. అది ఉన్నచోటే ఉంది. వారం తిరక్కుండా పైనుంచి ఒక పెద్ద డాక్టరు తనిఖీకి వచ్చాడు. వార్డంతా నడిచి, ఆ మంచం దగ్గర ఆగి, దాని మీద కూర్చుని, పాదాలు నేలకు ఆనించి చూసుకున్నాడు. చాలా మంచి ఆలోచన, ఎవరిది అన్నాడు. మా ఆస్పత్రిదే అన్నాడు ముదీర్. అది అబద్ధమని నేనైతే అనలేను.

ఏడాది లోపల కిందికీ పైకీ జరిగే మంచాలు బయటి దేశం నుంచి దిగాయి. కాళ్ళ దగ్గర ఒక హ్యాండిల్ పెట్టి తిప్పితే జరుగుతాయి. హ్యాండిళ్ళు పోతాయేమోనని ముదీర్ అన్నీ లెక్కపెట్టి స్టోరులో తాళం వేయించాడు. మంచాలు పెట్టెల్లోంచి ఏ ఎత్తులో బయటికి వచ్చాయో ఆ ఎత్తులోనే ఉండిపోయాయి. ముదీర్ కారు గేటు దాటాక సిస్టర్ స్టోరు తాళం తెప్పించి ఒక హ్యాండిల్ నా చేతికిచ్చేది. అన్ని మంచాలూ దించి మళ్ళీ అప్పగించేవాణ్ణి. బాబా మాత్రం కొత్త మంచం వద్దన్నాడు.

ఆ ఎండాకాలం ఆయనకు జ్వరం పట్టుకుని ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఐదు రోజులున్నాడు. చివరిరోజు కూడా పాదాలు కిందికి పెట్టమని సైగ చేశాడు. పెట్టి, పడకుండా వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. భాయ్ కూడా ముస్లిమే కాబట్టి ఆఖరి స్నానం చేయించడానికి, ఖననానికి వెళ్ళాడు. నేను ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి ఆగాను. ఎంతమంది వచ్చారని తర్వాత అడిగితే, సరిపోయారప్పా అన్నాడు. సంఖ్య చెప్పలేదు.

మూడో రోజుకే ఆ మంచంలోకి కొత్తాయన వచ్చాడు. ఆరడుగుల పైనే ఉంటాడు, పూర్వం లారీ నడిపినవాడట. కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. లేవలేక రెండుసార్లు వెనక్కి ఒరిగాడు. నేను బ్యాండేజీ గుడ్డతో కొలిచి, ముడివేసి, భాయ్ దగ్గరికి వెళ్ళాను.

"మళ్ళా ఏం కోయాలప్పా?" అన్నాడు.

"కోసుడు కాదు భాయ్. అతకాలె."

భాయ్ ఆ గుడ్డను నేల మీద పరిచి కాసేపు చూసి, ఇనుప పైపు ముక్కలు వెతకడానికి షెడ్డు వెనక్కి వెళ్ళాడు.