హరినాథ్ గారి ఎర్ర పెన్ను

హిందీ మాట్లాడే ప్రాంతంలోని స్టీల్ ప్లాంటులో ఆఫీసరుగా రిటైరైన హరినాథ్ గారు జన్మలో ఎవరినీ దారి అడిగి ఎరగరు. వీధికీ ఇంటికీ నంబరున్న ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్లలో బతికినవాడికి ఆ అవసరం రాదు. ఆయన మాత్రం అది తన ప్రతిభ అనుకుంటారు. మాట్లాడేటప్పుడు చొక్కాజేబులోని ఎర్ర పెన్నును తడుముకోవడం అలవాటు. ఏటా నందిని గనుల వెనక జరిగే జీపు పందేలకు పెద్ద ఆయనే. జీపీఎస్ వాడినవాళ్ల పేర్లు ఆ పెన్నుతోనే కొట్టేస్తారు.

"జీపీఎస్ ఉంటే పొలాల్లో పడకుండా పోతాం కదా అంకుల్!" అంది ఈసారి రోహిణి అనే కుర్ర డ్రైవరు. "శాటిలైటు చెయ్యి పట్టుకుని నడిచేదానికి పందెం ఏటమ్మా? పేరంటానికెళ్లు!" అని ఆయన అందరి ఫోన్లూ సంచిలో వేయించారు. తన పాత మ్యాపు పట్టుకుని, అందరికీ ముందు నడిచే జీపెక్కారు.

గంట తిరక్కుండా ఆ జీపు పూతకొచ్చిన శనగచేను సగం తొక్కి ఆగింది. చేను సుకవారో బాయిది. సెక్టార్లలో తెలుగువాళ్లకు కూరలమ్మి తెలుగు నేర్చిన మనిషి. వచ్చీరాగానే జీపు తాళం లాగేసుకుంది.

"మ్యాపులో ఇది ఖాళీ జాగా!" అని గదమాయించారాయన.

"మా ఊరు లేదా సాబ్ అందులో? మీ వీధి నంబరు, ఇంటి నంబరు నాకు నోటికొచ్చు. ఇరవై ఏళ్లు మీకు వంకాయలిచ్చినాను." తాళం కొంగున ముడేసుకుంది. "ముందు మ్యాపులో మా ఊరు పెట్టండి. తర్వాత తాళం."

వెనక జీపుల హారన్లు మోగిపోతున్నాయి. హరినాథ్ గారు ఎర్ర పెన్ను తీసి, ఆ తెల్లజాగాలో చుక్క పెట్టి, తలెత్తకుండా అడిగారు.

"మీ ఊరి పేరేటమ్మా?"